నక్క ఒక్కదానికే తెలిసిన లెక్క

అనగనగా, వానలు ముఖం చాటేసిన ఒకానొక కాలంలో, ఒక అడవిలో ఒకే ఒక్క నీటిమడుగు మిగిలింది పిల్లలూ.

ఎవరు ఎప్పుడు తాగాలో వంతులు వేయడానికి మడుగుకొక పెద్ద ఉండేవాడు. అప్పటి పెద్ద ఎలుగుబంటి. మొదటి వంతు ఎప్పుడూ దానిదే. కుందేలు పిల్లల వంతు వచ్చేసరికి మిగిలేది బురద. అది చూడలేక ముంగిస పోటీకి నిలబడింది.

మొదటిసారి బాహాటంగా ఓటు పెట్టారు. ఎవరు కావాలో వాళ్ల వెనక నిలబడాలి. మీ ఫోన్లలో, గ్రూపులో అందరికీ కనబడేలా పేరు నొక్కుతారే, అలాగన్నమాట. కుందేలమ్మ ఒక్కతే ముంగిస వెనక నిలబడింది. సాయంత్రానికి ఆమె బొరియ కూలిపోయింది.

"అయ్యో, కాలు జారింది కుందేలమ్మా! నాది కాస్త పెద్ద కాలు కదా," అంది ఎలుగు.

ఆమె బొరియను మళ్లీ తవ్వుకుంది.

రెండోసారి, "కళ్లు మూసుకుని చెయ్యెత్తండి" అన్నారు. లెక్కపెట్టడానికి నక్కను పెట్టారు. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఎవరి చెయ్యి లేచిందో నక్క ఒక్కదానికే తెలుసు. ఎన్ని లేచాయో కూడా నక్క ఒక్కదానికే తెలుసు.

"మా ఎలుగు బావే గెలిచాడు!" అంది నక్క. కుందేలమ్మ బొరియ మళ్లీ కూలింది.

మూడోసారి ఓటుకు ముందు కుందేలమ్మ ముసలి తాబేలు దగ్గర కూలబడింది.

"నాకిక ఓపిక లేదు తాతా. ఎలుగుకే వేసేస్తాను. పిల్లలకు నీళ్లు లేకపోయినా గూడైనా మిగులుతుంది."

"నాకూ లేదమ్మా," అని నిట్టూర్చింది తాబేలు. "అయినా ఇంకొక్కసారి చూద్దాం."

గుహలో రెండు సొరకాయ బుర్రలు పెట్టించింది. ఎలుగు బుర్రకు మసి, ముంగిస బుర్రకు ఎర్రమట్టి పూయించింది. తలా ఒక గింజ ఇచ్చి, ఒక్కొక్కరినే లోపలికి పంపింది.

"సాయానికి నేను లోపల ఉంటాను తాతా," అంది నక్క.

"వద్దు నాయనా. బయట కూర్చుని అందరితో పాటు లెక్కపెట్టు."

ఎండలో, అందరి ముందు బుర్రలు పగలగొట్టారు. ఎర్రబుర్రలోంచి గింజలు కుప్పగా పడ్డాయి. మసిబుర్రలో ఉన్నది ఒక్కటే గింజ.

ఎలుగు నక్క వైపు చూసింది. నక్క ఆకాశం వైపు చూసింది.

ఎవరూ కేరింతలు కొట్టలేదు. అంత ఓపిక ఎవరికీ లేదు. ఆ రోజు కుందేలు పిల్లలు తేటనీళ్లు తాగాయి. వాటి పక్కన తల్లి, చాలా రోజుల తర్వాత, నిశ్చింతగా కళ్లు మూసుకుని నిద్రపోయింది.

కాబట్టి పిల్లలూ, ఎవరు ఎవరికి ఓటు వేశారో ఎవరికీ తెలియకూడదు. ఎవరికి ఎన్ని వచ్చాయో అందరికీ తెలియాలి.