సన్నచుక్క చెప్పబోయిన మాట

నవ్వు ఆపు. ఇలా వచ్చి కూర్చో. కాలువలో మునిగి బతికిన పిల్ల చెంబెడు నీళ్ళు చూసి వణుకుతుంటే నీకు ఆటగా ఉందా? "బతికావుగా, ఇంకా ఏడుపెందుకు?" అని వెక్కిరించావు. ఆ మాట ఎంత చెడ్డదో చెబుతాను, విను.

అనగనగా ఒక వెదురడవి. అందులో ఒక వాగు. ఆ ఒడ్డున మేసే దుప్పుల మందకు పెద్దచుక్క అనే ఆడదుప్పి పెద్ద. దాని చెల్లెలు సన్నచుక్క. ఆ మందలో ఒక కట్టుబాటు ఉండేది. మొసలి మాట ఎవరూ ఎత్తకూడదు. అది వాగులోని లోతైన మడుగులో ఉంటుందని, పేరెత్తితే వస్తుందని వాళ్ళ నమ్మకం.

చలికాలం మొదట్లో ఒక రోజు సన్నచుక్క మందకు వెనకబడి, ఒంటరిగా నీళ్ళు తాగింది. మొసలి దాని కాలు పట్టి లోపలికి ఈడ్చింది. ఎలాగో విదిలించుకుని బయటపడింది.

కాలి గాయం మానింది. కానీ సన్నచుక్క మళ్ళీ వాగు దగ్గరికి పోలేకపోయింది. తెల్లవారుజామున ఆకుల మీది మంచు నాకి గొంతు తడుపుకునేది.

"అక్కా, ఆ రోజు నీళ్ళ కింద..." అని ఒక పొద్దున మొదలుపెట్టింది.

"ఉష్! ఆ మాట ఎత్తకు. బతికావు, చాలు" అంది పెద్దచుక్క.

మరికొన్ని రోజులకు మళ్ళీ వచ్చింది. "కళ్ళు మూస్తే ఆ పళ్ళే కనిపిస్తున్నాయక్కా. ఒక్కసారి చెప్పుకోనీ."

"అబ్బో! మహారాణిగారికి మంచునీళ్ళు, మాకేమో వాగునీళ్ళు!" అంది పెద్దచుక్క. మందంతా నవ్వింది.

చెట్టు మీది ముసలి కొండముచ్చు నవ్వలేదు. "పెద్దచుక్కమ్మా, దాని కాలు మానింది గానీ భయం మానలేదు. పక్కన నిలబడి విను. నేను పైనుంచి కాపలా కాయగలను. దాని పక్కన నిలబడాల్సింది నువ్వే" అంది.

"కొమ్మ మీద కూర్చుని మాకు బుద్ధులు చెప్పకు" అంది పెద్దచుక్క.

మూడోసారి సన్నచుక్క వణుకుతూనే ఒడ్డు దాకా వచ్చింది. "అక్కా, మొసలి ఉండేది మడుగులో కాదు. అది..."

పెద్దచుక్క తలతో ఒక్క పోటు పొడిచింది. "మందకు అరిష్టం తెస్తావా? పో!"

సన్నచుక్క మాట మింగి, ఒంటరిగా వెదురు పొదల్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాలుగో రోజు పెద్దచుక్క కొడుకు బుడ్డోడికి దాహం వేసింది. "మడుగు వైపు పోకు నాన్నా. ఆ పడిపోయిన మద్దిచెట్టు దగ్గర తాగు. అక్కడ లోతు లేదు" అని తల్లే పంపింది.

నీళ్ళు ఒక్కసారి కదిలాయి. తర్వాత కదల్లేదు.

పెద్దచుక్క పొదల్లో ఉన్న చెల్లెలి దగ్గరికి పరుగెత్తింది. "అది మద్దిచెట్టు కింద ఉంటుందని నీకు తెలుసా?"

"ఆ వేళ్ళ కిందే నన్ను పట్టిందక్కా. మూడుసార్లు చెప్పబోయాను."

పెద్దచుక్క మంద దగ్గరికి వెళ్ళింది. "నా బుడ్డోడు..." అంది.

"ఉష్! ఆ మాట ఎత్తకు" అంది మంద. ఆ మాట వాళ్ళకు నేర్పింది తనే.

సన్నచుక్క ఒక్కటే వచ్చి పక్కన నిలబడింది. "చెప్పక్కా, వింటాను" అంది. పెద్దచుక్క చెప్పింది. మర్నాడూ అదే చెప్పింది. చెల్లెలు విసుక్కోలేదు.

ఆ తర్వాత పెద్దచుక్క కూడా వాగు ముఖం చూడలేదు. తెల్లవారుజామున అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఆకుల మీది మంచు నాకేవారు. బుడ్డోడు మాత్రం తిరిగి రాలేదు.

నీతి: చావును చూసి వచ్చినవాళ్ళ నోరు మూయించకు. పక్కన కూర్చుని, వాళ్ళ మాట చివరిదాకా విను.