మూడుసార్లు చచ్చిన గొల్యాతు

అనగనగా కాలవ పక్కన ఒక ఊళ్ళో మిషను వాళ్ళ బడి ఒకటి ఉండేదిరా బుజ్జీ. అందులో కృపావతి టీచరమ్మ పిల్లలకి బైబిలు కథలు నాటకాలుగా ఆడించి నేర్పేది. వచనాలు బట్టీ పట్టమంటే కునికే పిల్లలు, వేషం కట్టమంటే గంతులేసేవాళ్ళు.

ఆ బడి హెడ్మాస్టరు జెకర్యా అయ్యగారు. నవ్వితే పళ్ళు అరిగిపోతాయనుకునే మనిషి. నేనూ ఆ బళ్ళోనే చదివాలే, నన్ను పాటల గుంపులో ఆఖరి వరసన నిలబెట్టింది కూడా ఆయనే. నేనేం మర్చిపోలేదు.

ఆయనకి నాటకాలంటే గిట్టదు. ఒకరోజు టీచరమ్మని పిలిచాడు. "చూడమ్మా, పండక్కి దావీదు, గొల్యాతుల కథ ఆడిస్తున్నావట. బైబిలు వాక్యంలో ఉన్నట్టే ఆడాలి. ఇసుమంత ఎక్కువైనా ఇక నాటకం పీరియడ్ ఉండదు. బెత్తమూ, బట్టీయే!"

టీచరమ్మ ఆ రోజునుంచీ పిల్లలకి వాక్యం చదివి వినిపించి మరీ ఆడించింది.

ఆ తర్వాత నాటకం రోజు రానే వచ్చింది. రాక్షసుడంత యోధుడు గొల్యాతు వేషం హోసన్నది, గుమ్మడికాయంత పిల్లాడు. దావీదు వేషం కెజియాది, గుప్పెడంత పిల్ల. కెజియా వడిసెల తిప్పి గుడ్డ ఉండ విసిరింది. హోసన్న "అమ్మో!" అని గిర్రున తిరిగి ధబ్బున పడ్డాడు. స్టేజీ బల్లలు అదిరాయి.

అంతే, జనం లేచి "వన్స్ మోర్!" అని అరిచారు. హార్మోనియం నాటకాలు చూసి పెరిగిన ఊరు మరి. వాళ్ళు మెచ్చి వన్స్ మోర్ అంటే, చచ్చిన వేషగాడైనా లేచి మళ్ళీ చావాల్సిందే. లేవకపోతే ఊరిని అవమానించినట్టు.

హోసన్న లేచాడు. మీసం సర్దుకుని ఇంకా బాగా చచ్చాడు. మళ్ళీ వన్స్ మోర్! మూడోసారి కాళ్ళు కొట్టుకుని, మంచినీళ్ళడిగి మరీ చచ్చాడు. వెధవ చావు రుచి మరిగాడు.

అప్పుడు అయ్యగారు బైబిలు పట్టుకుని లేచాడు. "గొల్యాతు చచ్చింది ఒక్కసారే! తెర దించండి! పీరియడ్ రద్దు!"

టీచరమ్మ తెర వెనక కొంగు నోట్లో కుక్కుకుంది.

హోసన్న ఇంకోసారి లేవబోయాడు. కెజియా ఒక్క ఉరుకు ఉరికి వాడి పొట్టమీదెక్కి నిలబడింది.

"దిగవే, జనం పిలుస్తున్నారు!" అన్నాడు వాడు.

"లేచావంటే నిజంగానే చంపుతా," అని గొణిగి కెజియా హెడ్మాస్టరు వైపు తిరిగింది. "అయ్యగారూ, కథ ఇంకా అవలేదండీ! దావీదు పరిగెత్తి వాడిమీద నిలబడ్డాడు. వాడి కత్తే దూసి వాడి తల నరికాడు. వాక్యంలో ఉందండీ!"

అయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి వెతికాడు. ఉంది. ఆయన బెత్తంతో నేర్పిన పిల్లల్లో ఒక్కరికీ అంత గుర్తు లేదు.

కెజియా అట్టకత్తి వాడి మెడమీద ఆనించింది. జనం మళ్ళీ వన్స్ మోర్ ఎత్తుకున్నారు. అయ్యగారికి ఒళ్ళు మండి వాళ్ళవైపు తిరిగాడు. "తల తెగినవాడు ఎట్టా లేస్తాడయ్యా! కూర్చోండి! పిల్ల కథ సరిగ్గా చెబుతుంటే అడ్డం రాకండి!"

జనం కూర్చున్నారు.

ఆ తర్వాత ఆయన తెర వెనక్కి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, పీరియడ్ ఉండనీలే. అదీ... వచ్చేసారి, దావీదుని యుద్ధానికి పంపిన సౌలు రాజు వేషానికి కాస్త పెద్దమనిషైతే నప్పుతుంది కదూ?"

"నప్పుతుందండీ," అంది టీచరమ్మ. "కానీ రిహార్సలుకి ఆలస్యంగా వస్తే బెంచీ ఎక్కిస్తాను."

కథ చేరె కంచికి,
బుజ్జిగాడు మంచానికి.
దీపం చిన్నదయింది,
దుప్పటి పెద్దదయింది.