మాణిక్యాచారి కొలిచిన పాదం

అనగనగా వాగొడ్డుపాడని ఒక ఊరు. ఆ ఊళ్ళో మాణిక్యాచారి అని ఒక వడ్రంగి తాత. ఆయనకి నాగరత్నం అని మూడో తరగతి చదివే మనవరాలు. అటు తిరిగి పడుకున్నావేంటే? ఇటు తిరుగు. ఊఁ కొట్టకపోతే నేను చెప్పను.

ఆ తాతకి మనవరాలంటే ప్రాణం. బడినుంచి రాగానే అది పుస్తకాల సంచీ అరుగు మీద గిరాటేసి తొక్కుడుబిళ్ళకి పోయేది. అప్పుడు తాత కళ్ళజోడు పెట్టుకుని దాని లెక్కలు చేసేవాడు. ఆ తర్వాత దాని చూచిరాత రాసేవాడు, అచ్చం దాని కోడిగీతల రాతలోనే. ఆ తర్వాత బొమ్మ వేసి రంగులు కూడా అద్దేవాడు. ఏం ముద్దమ్మా అది!

ఇలా ఉండగా జెండా పండగ దగ్గరికొచ్చింది. మూడో తరగతి పిల్లలకి ఆ ఏడు బూట్లు ఇస్తామన్నారు. బూట్లు వేసుకున్నవాళ్ళే కవాతులో నడవాలన్నారు. నాగరత్నం పుట్టి బుద్ధెరిగాక బూటు తొడిగింది లేదు. దానికిక అన్నం సయించలేదు. పొద్దస్తమానం బూట్ల గోలే.

అప్పుడు వాళ్ళ సుభాషిణి టీచరు, "ఇవాళ ఇంటిపని ఒక్కటే. ఎవరి పాదం వాళ్ళు సెంటీమీటర్లలో కొలుచుకుని కాగితం మీద రాసుకురండి. ఆ కొలతకే బూట్లొస్తాయి" అంది.

నాగరత్నం కాగితం తాత చేతిలో పెట్టి, "పాదం పొడవు కొలిచి రాయాలంట తాతా!" అని తుర్రుమంది. ఆ కొలత బూట్లకని చెబితేగా? తాత అదీ ఏదో లెక్కేననుకున్నాడు. టేపు తీసి చూస్తే పిల్ల లేదు, పిల్ల కాలూ లేదు. పిలిస్తే ఆట చెడుతుందని, తన కాలే చాపి కొలిచేశాడు. ఇరవై ఏడు సెంటీమీటర్లు. వెంట్రుకవాసి తేడా లేదు. నలభై ఏళ్ళు తలుపులు కొలిచిన చెయ్యి మరి!

టీచరు ముప్పై కాగితాలూ కట్టగట్టి పంపేసింది. ఒక్కసారి తిరగేసి చూస్తే ఆవిడ సొమ్మేం పోయేది? చూడలేదు.

పండగ ఇంకో పది రోజులుందనగా బూట్లొచ్చాయి. నాగరత్నం డబ్బా విప్పింది. కుడికాలు పెట్టింది. ఆ తర్వాత ఎడమకాలు కూడా అదే బూటులో పెట్టింది. రెండూ పట్టాయి! పిల్లలంతా పడీపడీ నవ్వారు. అది మాత్రం వెక్కివెక్కి ఏడ్చింది.

టీచరు దాన్ని పక్కకి పిలిచి, "ఇది ఎవరి కాలే?" అంది.

"మా తాతది కాబోలండీ."

"ఇంటిపని ఎవరిది?"

నాగరత్నం బూట్లు తీసి డబ్బాలో పెట్టేసింది.

అప్పుడు టీచరు చెప్పింది. "రేపు పొద్దున్న ఈ బూట్లు జీపులో వెనక్కి పోతాయి. కొత్త కొలత వాటితోనే పోవాలి. కొలిచేదీ రాసేదీ నువ్వే. తప్పుగా రాశావో, ఇక వేరే జత రాదు."

ఆ సాయంత్రం నాగరత్నం తొక్కుడుబిళ్ళకి పోలేదు. స్కేలు పట్టుకుని గోడవార కూర్చుంది. సంగతి విన్న తాత సిగ్గుతో చితికిపోయాడు. "నా తల్లే, ఇలా తే, చిటికెలో కొలిచేస్తా" అన్నాడు.

"నువ్వు ముట్టుకోవద్దు తాతా!" అని అరిచింది. ఆయన గుమ్మంలో కూలబడ్డాడు.

మొదటిసారి కూర్చునే కొలిచింది. వేళ్ళు ముడుచుకుపోయాయి. పదిహేడొచ్చింది.

అప్పుడు లేచి నిలబడి, మడమ దగ్గరా బొటనవేలి దగ్గరా నేలమీద సుద్దతో గీతలు గీసింది. స్కేలు మీద ఒకటి అని ఉన్నచోటు మడమ గీతకి పెట్టి కొలిచింది. ఇరవై వచ్చింది.

"ఒకే కాలికి రెండు కొలతలేంటి?" అని తల గోక్కుంది. గుమ్మంలో తాత దగ్గాడు. "ఒక్క ముక్క చెప్పనా అమ్మా?"

"వద్దు!"

ఆ తర్వాత స్కేలుకేసి చాలాసేపు చూసింది. ఒకటికి ముందు సున్నా ఉంది. అక్కణ్ణుంచి ఒకటి దాకా ఉన్న జాగాలో కాలే లేదు కదా, మరి అదీ లెక్కలోకి వచ్చేసిందే! సున్నాని మడమ గీతకి ఆనించి మూడోసారి కొలిచింది. పంతొమ్మిది. నమ్మకం చాలక మళ్ళీ కొలిచింది. మళ్ళీ పంతొమ్మిదే. కాగితం మీద కోడిగీతలతో రాసి, తలకింద పెట్టుకుని పడుకుంది.

జెండా పండగ ముందురోజు బూట్లొచ్చాయి. కాళ్ళకి అతికినట్టు సరిపోయాయి. దాని సంతోషం చూడాలి! ఊరంతా తిరిగొచ్చింది.

మర్నాడు కవాతు. పిల్లలు వరసకట్టి కాళ్ళెత్తి నడుస్తున్నారు. తాత బడి గోడెక్కి కూర్చున్నాడు. సరిగ్గా జెండా ముందుకొచ్చేసరికి నాగరత్నం బూటు తాడు ఊడిపోయింది. అది ఆగిపోయింది. వరస ముందుకెళ్ళిపోయింది. ఊరు ఊరంతా చూస్తోంది.

తాత ప్రాణం ఉసూరుమంది. ఒక్క గెంతులో దూకి కట్టేద్దామని గోడ మీంచి కాలు కిందికి వేశాడు. నాగరత్నం చూసింది. ఉండు అన్నట్టు చెయ్యి చూపించింది.

ఆయన ఆ కాలు మళ్ళీ పైకి లాక్కున్నాడు. చేతులు ఆగట్లేదని రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. అది వంగింది. ముడి వేసింది, జారింది. మళ్ళీ వేసింది, మళ్ళీ జారింది. మూడోసారి బిగిసింది.

అప్పుడది లేచి, పరుగున పోయి వరసలో కలిసింది. చప్పట్లు కొట్టడానికి తాతకి చేతులు ఖాళీ లేవు. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికీ లేవు. వాటి మీదే కూర్చుని, ఊరందరి ముందూ హాయిగా ఏడ్చాడు.

కథేమో కంచి చేరింది,
కన్నేమో వాలిపోయింది,
దుప్పటి నువ్వే కప్పుకో,
బంగారు తల్లీ, బజ్జో!