మూరెడు సాళ్లు

పిల్లలూ, ముందు ఆకలిని తలుచుకోండి. రాజు సంగతి తర్వాత. అనగనగా ఒక ఎండు దేశం. ఆ దేశాన్ని ఏలేది చండభానుడనే రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఏడంతస్తుల మేడ. దేశంలో ఏడాదికి ఒక్కటే వాన. ఆ వాన తడి మీదే జనం మసూర చేలు వేసుకోవాలి, ఆ పప్పే తిని బతకాలి.

రాజుగారి శాసనం ఒకటుండేది. మేడ మీద నుంచి చూస్తే చేలన్నీ పచ్చగా ఉండాలి, నేల కనపడకూడదు. నేల కనపడితే రాజ్యానికి దరిద్రమట. చేలో మట్టి కనపడిందా, ఆ చేను విత్తిన మనిషికి బొటనవేలు తీసేవాళ్లు. అందుకని జనం కుంచెడు గింజలు చాలేచోట మూడు కుంచాలు చల్లేవాళ్లు. మొక్కలు తలవెంట్రుకల్లా ఒత్తుగా లేచేవి. రాజు చూసి, మురిసి, మేడ దిగేవాడు. ఉన్న తడంతా ఆ మొక్కలు పోటీపడి తాగేసి పూత మీదే మాడిపోయేవి. మాడిన చేను చూడడానికి రాజు మేడ ఎక్కేవాడు కాదు.

ఒక ఏడు పోయింది. రెండో ఏడు పోయింది. మూడో ఏడూ పోయింది. ముందు ముసలివాళ్లు పోయారు, తర్వాత చంటిపిల్లలు. ఏడు సముద్రాల అవతలి మాయలమారి కరాళుడు వచ్చి, ముంతెడు గంజి పోసి, ఇంటింటా మిగిలిన విత్తనాలు పట్టుకుపోయాడు. కత్తి రాజుది, గంజి మాయలమారిది. రెండింటి మధ్యా నలిగింది జనం.

మాయలమారి పందెం లోకమంతటికీ తెలుసు. ఒక్క వానకు తన చేను పండించినవాడికి, పట్టుకుపోయిన విత్తనాలు దాచిన గాదె ఇచ్చేస్తాడు. పండించలేనివాణ్ణి గట్టురాయిని చేస్తాడు. రాజు పెద్దకొడుకును పంపాడు. అతను తిరిగి రాలేదు. రెండో కొడుకును పంపాడు. అతనూ రాలేదు. మిగిలింది మూడోవాడు, ఉదయసేనుడు. అతను బయలుదేరే ముందు, ఊరి చివర విత్తనం వేసే వేమక్క గుడిసెకు వెళ్లాడు. ఆమెకూ అతని వయసే. కుడిచేతికి బొటనవేలు లేదు.

“విత్తడం నేర్పుతావా?” అని అడిగాడు.

“మీ నాయన తీయించిన వేలు తెచ్చివ్వు, నేర్పుతా.”

ఉదయసేనుడు వెళ్లిపోవడానికి వెనుదిరిగాడు. ఆమే వెనక్కి పిలిచి అంది: “గొర్రు తోలేవాడొకడుండాలి, వెనక గింజ వదిలేది ఒకతుండాలి. ఒక్కడివే పోయి ఏం పొడుస్తావు దొరా? మీ అన్నలు పొడిచింది చాలదా? పద, నేనూ వస్తా. నీ కోసం కాదు. మా ఊళ్లో ఇంకా ఆరుగురు పిల్లలు మిగిలారు.”

దారిలో గండభేరుండ పక్షి పిల్లలను మింగబోతున్న పామును ఉదయసేనుడు నరికాడు. ఆ పక్షి వాళ్లిద్దరినీ, మూడు పళ్ల గొర్రునూ వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

మాయలమారి చేను గట్టు మీద రెండు కొత్త రాళ్లున్నాయి. ఒకదానికి పెద్దన్న ముక్కు.

“మీ అన్నలు నాన్న మాట జవదాటలేదురా,” అన్నాడు కరాళుడు. “పెద్దోడు ఒత్తుగా చల్లాడు. రెండోవాడు ఇంకా ఒత్తుగా చల్లాడు. నువ్వెంత ఒత్తుగా చల్లుతావు?”

వాన కురిసి వెలిసింది. వేమక్క మాయలమారి బక్క ఎద్దుల ముందు తన మూటలోని తౌడు పెట్టింది. “ఇన్నేళ్లకు మేత పెట్టి పని చెప్పినవాళ్లు మీరే. సాలు వంకర పోనివ్వం,” అన్నాయి ఎద్దులు. తర్వాత ఆమె వంగి చీమలను అడిగింది, తడి ఎంత లోతుందని. “మూడు వేళ్ల లోతు, అక్కా,” అన్నాయి చీమలు. “అంతకు పైన వేస్తే మాకు తిండి, అక్కడ వేస్తే మీకు పంట.”

అప్పుడు వేమక్క గొర్రుకు గింజ జారే మూడు కన్నాల్లో నడిమిదాన్ని గుడ్డపేలికతో మూసేసింది. జానెడు ఉండాల్సిన సాలు ఎడం మూరెడైంది. ఉదయసేనుడు ఎద్దులను తోలాడు. ఆమె వెనకాల నడుస్తూ, ఎడమచేతి గుప్పిట్లోంచి మాయలమారి ఇచ్చిన గింజలు ఒక్క తీరుగా జారవిడిచింది.

ఇరవయ్యో రోజున మాయలమారి వచ్చాడు. “నేల కనపడుతోందిరా,” అని పోయాడు. నలభయ్యో రోజున వచ్చాడు. “ఇంకా కనపడుతోందిరా,” అని పోయాడు. ఉదయసేనుడి కంటికి ఆ ఖాళీ, అన్నల పక్కన తనకోసం అట్టిపెట్టిన చోటులా కనపడింది. మిగిలిన విత్తనం గుప్పెడు తీసి సాళ్ల మధ్య చల్లబోయాడు. వేమక్క అతని మణికట్టు పట్టుకుంది.

“అది ఖాళీ కాదు దొరా. ఈ మొక్క వేరు పక్కకు పాకి నీళ్లు తాగేది అక్కడే. దాని కంచంలో ఇంకొకణ్ణి కూర్చోబెడితే ఇద్దరూ చస్తారు.”

“మా నాన్న ఎప్పుడూ…”

“మీ నాయన మేడ మీంచి చూశాడు. నువ్వు వంగి చూడు.”

అతను వంగి సాళ్ల మధ్య మట్టిలోకి వేళ్లు గుచ్చాడు. మూడు వేళ్ల లోతున చల్లగా తగిలింది. గుప్పెడు గింజలూ మూటలో పోసేశాడు. ఆ రోజే ఇద్దరూ సాళ్ల మధ్య పైమట్టి గీరే గుంటక తోలి, నేల పగుళ్లు పూడ్చి, ఉన్న తడి ఎగిరిపోకుండా కాపాడారు.

చేను కాయ పట్టింది. కరాళుడి ప్రాణం ఇంట్లో పంజరం చిలకలో ఉంది. పుట్టినప్పటి నుంచీ ఎండు గింజలు తప్ప ఎరగని చిలక అది. పచ్చికాయ వాసన తగిలేసరికి తలుపు తోసుకుని చేలో వాలింది. మంచె మీద కాపలా ఉన్నవాడు చిలకను కొడతాడు గానీ దాని కులగోత్రాలు అడుగుతాడా? ఉదయసేనుడు వడిసెలతో రాయి విసిరాడు. “కొట్టకురా, అది నా…” అంటూ పరుగెత్తుకొస్తున్న మాయలమారి, చిలక నేల మీద పడడంతోనే తానూ పడ్డాడు.

గాదె తెరుచుకుంది. రాళ్లు మాత్రం రాళ్లుగానే ఉండిపోయాయి. ఉదయసేనుడు వాటి మధ్య చాలాసేపు కూర్చున్నాడు. గాదెలో విత్తనాలన్నీ మూటలు కట్టి, పక్షి వీపు మీద దేశానికి తెచ్చారు.

ఆ ఏటి వాన పడగానే, “ఒత్తుగా చల్లండి,” అని మేడ మీద నుంచి రాజు ఆజ్ఞ. ఉదయసేనుడు మేడ ఎదుటి చేలోనే గొర్రు కట్టి మూరెడు సాళ్లు వేశాడు. చూసి ఊరంతా అలాగే వేసింది. నలభయ్యో రోజున భటులొచ్చారు.

“ఇది విత్తిందెవరు?”

“నేను,” అని అతను కుడిచెయ్యి చాచాడు. భటులు మేడ వైపు చూశారు. రాజు ఆపమనలేదు. కత్తి దిగింది.

“ఇంకెవరు?”

వేమక్క బొటనవేలు మిగిలిన ఎడమచెయ్యి చాచింది. ఆమె వెనక ఊరంతా చేతులు చాచింది. భటుల నాయకుడి ఇంట్లోనూ మూడు రోజులుగా పొయ్యి వెలగలేదు. ఆ చేతుల వరస చివరిదాకా చూశాడు. “ఇవన్నీ తీసేస్తే నా పిల్లలకు విత్తేదెవరు?” అని, కత్తి గట్టు మీద పెట్టి కూలబడ్డాడు.

“విత్తే చేతులదే రాజ్యం,” అన్నారెవరో. అరిచే ఓపిక ఎవరికీ లేదు. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి మెల్లగా పాకింది. మేడ మీద రాజు ఆజ్ఞలు ఇస్తూనే ఉన్నాడు. వినాల్సినవాళ్లు చేలో ఉన్నారు.

పంట చేతికొచ్చింది. తొలి కుండ పప్పు పిల్లలకు పెట్టారు. ఆ ఆరుగురిలో అప్పటికి మిగిలిన నలుగురు తిన్నారు.

ఉదయసేనుడికీ వేమక్కకూ కళ్లంలోనే పెళ్లయింది. ఇద్దరూ యాభై ఏళ్లు దేశాన్ని ఏలారు. విత్తనాల రోజుల్లో కొలువు ఉండేది కాదు, ఇద్దరూ గొర్రు దగ్గరుండేవాళ్లు. ఆ యాభై ఏళ్లూ ఏడాదికి ఒక్కటే వాన కురిసింది. అందరూ తిన్నారు.