మొదటి మోత ఎక్కడ పోయింది?

వెనకటికి ఒక కొండల రాజ్యంలో సరిహద్దు కబుర్లన్నీ నగారా మోతలతోనే కోటకి చేరేవి. ఒక కొండ మీద మోగిస్తే పక్క కొండవాడు మేలుకొని ఉండి, అది విని మోగించాలన్నమాట. కొత్తగా వచ్చిన మంత్రి ఆ పద్ధతి మార్చేశాడు. "ఊరికే మేలుకొని కూర్చోవడం ఎందుకు, పడుకోండి. మోత వింటే మెలకువ రాదా?" అన్నాడు.

అప్పట్నుంచీ కబుర్లు ఉండుండి తెగిపోయేవి. చివరికి శత్రువు ఒక దిక్కున వస్తే సేన ఇంకో దిక్కుకి పోయింది. తప్పెక్కడుందో తేల్చమని రాజు అడిగితే, మంత్రి అందరి ముందూ నగారాలు వరసగా మోగింపజేశాడు. ఒక్కటీ తప్పలేదు.

"పద్ధతి బాగానే ఉంది ప్రభూ. కోట పక్క కొండ మీది యర్రన్నే ఆ రోజు సరిగ్గా మోగించలేదు. చేతులు తీయించండి" అన్నాడు.

యర్రన్న భార్య సింగమ్మ ముందుకొచ్చి, "ఒక్క మాట చెప్పుకుంటాను ప్రభూ" అంది. రాజు సరేనన్నాడు. కానీ ఆమె నోరు విప్పదే. తలారి కత్తి పట్టుకుని చూస్తున్నాడు. రాజు విసుక్కోబోయి ఊరుకున్నాడు. సుష్టుగా భోంచేసొచ్చిన మంత్రికి కళ్లు మూతపడ్డాయి.

అప్పుడంది, "తప్పు మా ఆయనది కాదు, మీ పద్ధతిది. ఒప్పుకుంటారా మంత్రిగారూ?"

మంత్రి ఉలిక్కిపడి, "ఆ, ఒప్పుకుంటున్నా" అన్నాడు.

"దేనికి ఒప్పుకున్నావయ్యా?" అన్నాడు రాజు. "అదే ప్రభూ, తప్పు యర్రన్నదేనని" అన్నాడు మంత్రి.

"కొండల మీదా ఇంతే ప్రభూ. పిలిస్తే లేస్తారు, మొదటి మాట మాత్రం నిద్రలో పోతుంది. ఏ దిక్కో చెప్పేది ఆ మొదటి మోతే. ఇందాక అందరి ముందూ వరసగా మోగిస్తుంటే ఎవరు పడుకుంటారు, తప్పెలా దొరుకుతుంది?" అంది సింగమ్మ.

రాజు యర్రన్న కట్లు విప్పించాడు.

"నన్ను కావాలనే నిద్రపుచ్చావు కదే" అని మంత్రి పళ్లు నూరాడు.

"నేనేం చేశానండీ, కాసేపు మాట్లాడకుండా ఉన్నానంతే."