ప్రస్వేద్య మహారాజు

పొగమంచు మధ్యాహ్నం దాకా తొలగని ఒకానొక సముద్రతీర రాజ్యంలో మణికంధరుడనే రాజు ఉండేవాడు. ఆయనకు యుద్ధాలు లేవు, అందుచేత బిరుదులు చాలా ఉండేవి. కొలువు మొదలయ్యే ముందు వాటన్నిటినీ చదవాలి. చదివినంతసేపూ సభ నిలబడాలి. సగంమంది నిలబడే కలలు కనేవారు.

ఒక వానాకాలంలో ఆస్థాన పండితుడు యజ్ఞపతి శాస్త్రి రసశాస్త్రం తిరగేసి, ఎవరూ వినని విశేషణం ఒకటి పట్టుకొచ్చాడు. ఆ మాట 'ప్రస్వేద్య'. దాని అర్థం ఆయన చూడలేదు, మోత బాగుందని మాత్రం చూశాడు. రాజుకు కావలసిందీ మోతే. ఇకమీదట తనను ప్రస్వేద్య మహారాజని చాటించమన్నాడు.

అది విని విదూషకుడు వల్లభన్న నవ్వాడు. మిగతావాళ్లు తమ పాదాల వంక చూసుకున్నారు. రాజు ముఖం ఎర్రబడింది. రేపటి కొలువులో ఆ నవ్వుకు తగిన కారణం చూపించాలనీ, లేకుంటే రాజ్యం విడిచిపోవాలనీ ఆజ్ఞాపించాడు.

వల్లభన్నకు ఆ మాట అర్థం తెలుసు. చెబితే రాజుకు అవమానం, చెప్పకపోతే తనకు ఊరు లేదు. భార్య అప్పుడే మూటలు కట్టడం మొదలుపెట్టింది. భర్త తెలివి మీద ఆమెకు నమ్మకం అంతంతమాత్రం.

మర్నాడతను యవక్షారమనే ఉప్పు పలుకును, కుంకుడుగింజంతది, వెండి పళ్లెంలో పెట్టి సింహాసనం పక్కన ఉంచాడు.

"నా కారణం ఇదే ప్రభూ. బిరుదులన్నీ చదివించండి, ఒక్కటీ వదలకుండా."

శాస్త్రి అందుకున్నాడు. కిటికీల్లోంచి తడిగాలి మెల్లగా లోపలికి వచ్చింది. స్తంభాలు మసకబారాయి. మంత్రిగారి గురక ఎక్కడో దూరాన ఊదిన శంఖంలా వినిపించింది. చదవడం ముగిసేసరికి పళ్లెంలో పలుకు లేదు, కాసిని నీళ్లున్నాయి.

"క్షారం ఏదయ్యా?" అన్నాడు రాజు.

"అదే ప్రస్వేద్యం, ప్రభూ. స్వేదమంటే చెమట కదా. గాలిలో తేమ తాగి, చెమటలు పట్టి, తనంతట తానే నీరుగారిపోయేదానికి రసవాదులు పెట్టిన పేరు."

సభ మేలుకుంది. శాస్త్రి ఉత్తరీయంతో నుదురు తుడుచుకున్నాడు.

"అంటే నేను నీరుగారిపోయేవాణ్ణా?" రాజు నెమ్మదిగా అడిగాడు.

"అది కాస్త తడిగాలికే కరిగిపోయింది. తమరు రోజూ ఇంత పొగడ్త తగిలినా రాయిలా కూర్చుంటారు. ఈ బిరుదు తమకెలా నప్పుతుందని నవ్వాను."

రాజు కాసేపు పళ్లెం వంక చూశాడు. రాయిలా కూర్చున్నదీ లేనిదీ ఆయనకే తెలుసు. తర్వాత పకపకా నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి వల్లభన్నకు వేసి, ఆ బిరుదు కొట్టేయించి, నువ్వు ఇక్కడే ఉండవయ్యా అన్నాడు.

అప్పుడు సభ కూడా నవ్వింది. రాజుగారు ఆపమనేదాకా నవ్వుతూనే ఉంది.