దూరమా?

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా పని చెప్పడం బ్రహ్మయ్యగారి అలవాటు. ఆయన వడ్రంగం మానేసి తత్త్వం చెప్పడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళయినా, మనుషుల చేత పని చేయించే బుద్ధి మాత్రం పోలేదు. దేవుడున్నాడా అని అడిగినవాణ్ణి పక్కింటి పశువుల పాక బాగుచేసి రమ్మని పంపిన మనిషి. అందుకని తెలిసినవాళ్ళు ఆయన్ని ఏదైనా అడగాలంటే ముందు ఒంట్లో ఓపికుందో లేదో చూసుకునేవారు. త్రిమూర్తులు చూసుకోలేదు.

త్రిమూర్తులు పంచాయతీలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. దస్తూరీ బాగుంటుందని కాలవగట్టు వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా అతనే రాసేవాడు. ఆ రోజు పట్టుకొచ్చిన అర్జీ వీధి మొత్తం తరఫున రాసింది. సత్యవేణి కూతురు హైమవతిని పిచ్చాసుపత్రిలో చేర్పించాలని అందులోని విన్నపం. రాసినవాడు తప్ప అందరూ సంతకాలు పెట్టారు.

“పంపించెయ్యడం ధర్మమా, ఉంచుకోవడం ధర్మమా? మీరు ఒక్క మాట చెప్పండి, నేనూ పెట్టేస్తాను సంతకం,” అన్నాడు. అప్పుడు అక్కడ కూర్చున్న నలుగురిలో నేనూ ఒకణ్ణి.

హైమవతికి పంతొమ్మిదేళ్ళు. డాక్టర్లు ఆటిజం అన్నారు, వీధి పిచ్చి అంది. తల్లి ఏ పేరూ పెట్టకుండా పెంచుకొచ్చింది. రోజూ పొద్దున్న ఏడింటికి ఆ పిల్ల గుమ్మం దిగి, వీధి చివరనున్న కాలవ లాకుల దాకా నడిచి, లాకు తలుపుల సందుల్లోంచి నీళ్ళు దూకడం గంటసేపు చూసి, ఇంటికొచ్చి అన్నం తినేది. ఆ గంట దొరికిన రోజు ఆమెతో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. దొరకని రోజు తల గోడకేసి కొట్టుకునేది, చేతికందింది విసిరేది. ఈ మధ్య దొరకని రోజులే ఎక్కువయ్యాయి. కిందటి వారం విసిరిన చెంబు ఎదురింటి పసివాడి నుదుటికి తగిలి మూడు కుట్లు పడ్డాయి. రెండేళ్ళ కిందట ఒకసారి ఆమెను పట్నం ఆసుపత్రిలో నలభై రోజులు ఉంచారు. మంచానికి కట్టేసిన గుర్తులు మణికట్ల మీద తొందరగానే మానాయి గానీ, ఇంటికొచ్చాక ఆరు నెలలు నోరు విప్పలేదు. మళ్ళీ పంపితే ఈసారి తన పిల్ల తనకు దక్కదని సత్యవేణి భయం. పంపకపోతే ఎవరి ప్రాణం మీదికి తెస్తుందోనని ఆ పిల్ల అన్నయ్య దొరబాబు భయం. ఇద్దరివీ ఉత్తి భయాలు కావు.

బ్రహ్మయ్యగారు అర్జీ చేతిలోకి తీసుకోనే లేదు. “రేపు పొద్దున్న ఆ పిల్ల వెనకాల పదడుగుల దూరంలో నడు. నోరు విప్పకు. లాకుల దాకా వెళ్ళొచ్చి చెప్పు,” అన్నారు.

త్రిమూర్తులు నడిచాడు. మొదటి ఇంటి అరుగు మీద సూరమ్మ బియ్యం చెరుగుతోంది. “దూరమా, అమ్మా?” అంది.

మా వైపు బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడగరు, అపశకునం. దూరమా అంటారు. అది నిజానికి ప్రశ్న కాదు. ‘ఆఁ’ అని తలెగరేసి వెళ్ళిపోతే చాలు, అడిగినవాళ్ళు ఆ పాటికి మళ్ళీ చేటలోకి చూస్తూ ఉంటారు. హైమవతికి ఆ సంగతి తెలియదు. ఆమెకు ప్రశ్నంటే ప్రశ్నే. ఆగింది, ఆలోచించింది, “లాకుల దాకా. దూరం కాదు,” అని పద్ధతిగా చెప్పింది. చెప్పి వెనక్కి వెళ్ళి, గుమ్మమెక్కి, మళ్ళీ దిగి మొదటినుంచీ నడిచింది. మధ్యలో తెగిన నడక ఆమె లెక్కలో నడక కాదు. ఈసారి నాలుగో ఇంటి దగ్గర “టిఫినయ్యిందా?” అన్నారు. “అయ్యింది. ఉప్మా. సగం వదిలేశాను.” మళ్ళీ గుమ్మం. ఆరో ఇంటి దగ్గర “అమ్మకి ఒంట్లో ఎలా ఉంది?” మళ్ళీ గుమ్మం. టైలర్ కామేశం మిషన్ ఆపి మరీ, “ఏంటే, అటూ ఇటూ తిరుగుతున్నావు? ఏమైనా పోగొట్టుకున్నావేంటి?” అన్నాడు. అతను నిజంగా వెతికిపెట్టేవాడే. అప్పటికి ఆ పిల్ల పెదాలు అదురుతున్నాయి, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. వెనకాల నడుస్తున్న త్రిమూర్తులుకి గుండె తరుక్కుపోయింది. ఉండబట్టలేక, “ఏమైందమ్మా?” అన్నాడు.

హైమవతి వీధి మధ్యలో కూలబడి నుదురు నేలకేసి కొట్టుకుంది. లాకులు ఇంకా ఇరవై ఇళ్ళ అవతలున్నాయి.

“మీరు వద్దని చెప్పినా నా నోరాగలేదండీ,” అని త్రిమూర్తులు గురువుగారి దగ్గర తల దించుకున్నాడు. “మా వీధిలో ఒక్కళ్ళు కూడా చెడ్డగా మాట్లాడలేదు. అంతా ఆప్యాయతే.”

“అయితే ఆ ఆప్యాయతని ఏడింటికి కాసేపు నోరు మూసుకోమను,” అన్నారు బ్రహ్మయ్యగారు.

పని పడితే త్రిమూర్తులు ఊరుకునే మనిషి కాదు. ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. వీధి నొచ్చుకుంది. “ఎదురొచ్చిన పిల్లని పలకరించకపోతే మనమేం మనుషులమండీ?” అంది సూరమ్మ. కామేశం తన నోటి మీద తనకే నమ్మకం లేదని ఒప్పేసుకున్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అదే అన్నారు. ఆఖరికి అందరూ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. ఏడు కొట్టేసరికి అందరూ లోపలికి పోయి తలుపులేసుకోవాలని. మనిషే కనబడకపోతే అడిగే ప్రశ్నే ఉండదు కదా. ఇంత తెలివైన ఉపాయం తట్టినందుకు ఆ రాత్రి వీధంతా నిశ్చింతగా నిద్రపోయింది.

మర్నాడు హైమవతి గుమ్మం దిగింది. అరుగుల మీద ఎవరూ లేరు, కుళాయి దగ్గర ఎవరూ లేరు, కుట్టుమిషన్ చప్పుడు లేదు. మా ఊళ్ళో శవం వెళ్ళేటప్పుడు అలా తలుపులేసుకుంటారు. ఆ పిల్ల వీధిని అలా చూసింది ఒక్కసారే, తండ్రిని తీసుకెళ్ళిన రోజున. “ఎవరు పోయారు? ఎవరు పోయారు?” అని అరుస్తూ లోపలికి పరిగెత్తింది. మధ్యాహ్నం దాకా ఆ అరుపు ఆగలేదు. అద్దం పగిలింది, ఆపబోయిన సత్యవేణి అరచెయ్యి తెగింది. దొరబాబు ఆసుపత్రికి ఫోన్ చేశాడు. “ఇంటిదగ్గరే కుదుటపడే దారి ఏమాత్రం ఉన్నా ఇక్కడికి తేవద్దు,” అన్నాడు డాక్టరు. దారి లేదన్నాడు దొరబాబు. మర్నాడు తొమ్మిదింటికి వ్యాన్ పంపుతామన్నారు.

త్రిమూర్తులు ఈసారి పెన్ను టోపీ తీసే వచ్చాడు. “ఇక పెట్టేస్తానండీ. మా చేతనైందంతా చేశాం.”

బ్రహ్మయ్యగారికి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. “నోరు మూసుకోమన్నాను గానీ తలుపులు మూసుకోమన్నానటయ్యా?” అన్నారు.

మర్నాడు ఆరింటికే త్రిమూర్తులు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాడు. బయటే ఉండండి, మీ పనులు మీరు చేసుకోండి, అడక్కండి, అంతే. నేనూ వెళ్ళి సూరమ్మ అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ ముందుజాగ్రత్తగా రెండు కిళ్ళీలు ఒక్కసారే దవడన పెట్టుకుంది. కామేశం పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని కుట్టడం మొదలెట్టాడు. పళ్ళు తోమేసుకున్న మగాళ్ళు కూడా మళ్ళీ వేపపుల్లలు నములుతూ నిలబడ్డారు. చూడ్డానికి నవ్వొచ్చే మాట నిజమే గానీ, ఎవరికీ నవ్వు రాలేదు. తొమ్మిదింటికి వ్యాన్ వస్తుందని అందరికీ తెలుసు.

హైమవతి గుమ్మం మీద చాలాసేపు నిలబడింది. కుళాయి దగ్గర బిందె నిండుతోంది, మిషన్ ఆడుతోంది. దిగింది. సూరమ్మను దాటింది. నాలుగో ఇల్లు, ఆరో ఇల్లు, కామేశం కొట్టు దాటింది. ఇరవయ్యో ఇంటి దగ్గర, పక్కూరినుంచి చేపల తట్టతో వస్తున్న మనిషి ఎదురైంది. పాపం, ఆవిడకెవరూ చెప్పలేదు.

“దూరమా, తల్లీ?”

హైమవతి ఆగింది. “లాకుల దాకా,” అంది. వెనక్కి తిరిగి ఇరవై ఇళ్ళూ నడుచుకుంటూ వచ్చింది. అయ్యో అన్నవాళ్ళు లేరు, నాలిక చప్పరించినవాళ్ళు లేరు. సూరమ్మ కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా కిళ్ళీ. అరుగు మీదున్న నా చెయ్యి ఆవిడ ఎంత గట్టిగా పట్టుకుందంటే సాయంత్రం దాకా నొప్పెట్టింది. హైమవతి గుమ్మమెక్కింది. అందరం ఎవరి పనిలోకి వాళ్ళం చూస్తూ ఉండిపోయాం. ఆ పిల్ల మళ్ళీ దిగింది.

తొమ్మిదింటికి వ్యాన్ వచ్చింది. “పేషెంటేరండీ?” అన్నాడు డ్రైవరు. దొరబాబు లోపలికి తొంగిచూశాడు. హైమవతి పాదాలకింకా కాలవగట్టు మట్టి ఉంది. కట్టు కట్టిన చేత్తో తల్లి పక్కన కూర్చుని చూస్తోంది.

“అన్నం తింటోందండీ,” అన్నాడు. “మీరు వెళ్ళండి.”

“మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?”

“అవసరమైతే ఫోన్ చేస్తాను.”

అన్ని రోజులూ అలా గడవలేదు. చుట్టాలొస్తారు, కొత్త కోడళ్ళొస్తారు, అలవాటైన నోరు జారుతుంది. అలాంటప్పుడు ఆ పిల్ల నుదురు మళ్ళీ బొప్పికట్టేది, కామేశం రెండు రోజులు అన్నం సహించక తిరిగేవాడు. కానీ దొరబాబు ఆ ఫోన్ చేయలేదు. వానాకాలం వెళ్ళాక ఒకరోజు త్రిమూర్తులు గురువుగారి దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఊళ్ళో అందరూ మీ వీధి ఆ పిల్లకి ఎంతో చేసిందంటున్నారని, వినడానికి సిగ్గుగా ఉందని అన్నాడు.

“నిజం చెప్పాలంటే మేం చేసిందేమీ లేదండీ. ఊరికే నిలబడ్డాం.”

“ఆసుపత్రికి చేతకాని పని అది,” అన్నారు బ్రహ్మయ్యగారు. “ఊరికే చేతనవుతుంది.”